నల్లగొండలో మంచు కురిపించిన టెలీఫిల్మ్ వాళ్లకు, ఒక చాయ్ హోటల్ నుంచి

ఛానెల్ కార్యక్రమాల విభాగం పెద్దలకు, ఆ టెలీఫిల్మ్ రాసినవాళ్లకు, తీసినవాళ్లకు, అందులో కుక్కలను ఆడించినవాళ్లకు నమస్కారం.

మీ ఛానెల్ పేరు ఇక్కడ రాయడం లేదు, సినిమా పేరూ రాయడం లేదు. మీకు తెలుసు, చూసినవాళ్లకూ తెలుసు. ఉగాది రోజు సాయంత్రం 6 గంటలకు వేశారు. అంతకు పది రోజుల ముందు నుంచి ప్రతి సీరియల్ మధ్యలో రెండు కుక్కలు కలిపిన ప్రేమకథ, అదీ మన నల్లగొండ నేల మీద అని ఊదరగొట్టారు. నేను నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు చిన్న చాయ్ హోటల్ నడుపుతాను, పక్కనే పాన్ డబ్బా కూడా నాదే. హోటల్ గోడకు ఒక టీవీ ఉంది. పండగ రోజు మామూలుగా షట్టర్ దించేస్తాను, కానీ మన ఊరి సినిమా అని అందరూ అడిగితే తీశాను. ఇంట్లో చేసిన భక్ష్యాలు కూడా తెచ్చి పెట్టాను. ఆటోవాళ్లు, బత్తాయి మార్కెట్ హమాలీలు, పిల్లలతో ఆడవాళ్లు కలిపి పాతిక మందికి తక్కువ లేరు.

మర్నాడే మీ ఫిర్యాదుల అడ్రస్‌కు ఈమెయిల్ పంపాను. మా తమ్ముడి కూతురు డిగ్రీ చదువుతోంది, తనే టైప్ చేసి పెట్టింది. 2021లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చినప్పుడు, ప్రేక్షకుడి ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలని, ఏం నిర్ణయించారో 15 రోజుల్లో తెలపాలని పెట్టారట. అదీ ఆ పిల్లే వెతికి చూపించింది. 24 గంటల సంగతి అటుంచండి, ఉగాది పోయింది, శ్రీరామనవమి పోయింది, ఇప్పుడు ఆవకాయ కలిపే రోజులు కూడా వచ్చేశాయి, మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. రెండోసారి పంపాను. ఫోన్ చేస్తే కాసేపు పాట వచ్చింది, తర్వాత కట్ అయింది. ఇక లాభం లేదనుకుని ఇలా నలుగురిలో రాస్తున్నాను. కోపంగా అనిపిస్తే ఏమనుకోకండి, ఇందులో కొంత కోపమే ఉంది.

ముందు మంచి మాట ఒకటి. హీరో నాయనమ్మగా వేసిన ఆవిడ బాగా చేసింది. బియ్యంలో రాళ్లు ఏరుతూ మనవడి మొహం చూడకుండానే వాడి మనసులో మాట చెప్పే సీను ఉంది చూడండి, మా హోటల్‌లో ఆ రెండు నిమిషాలు ఎవరూ చాయ్ అడగలేదు. అంతవరకే.

కథ సంగతి. హీరోయిన్‌కు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మమ్మ పోయాక ఊళ్లో ఇల్లు అమ్మేద్దామని వస్తుంది, వెంట ఒక హస్కీ. హీరో ఊళ్లోనే ఉంటూ దిక్కులేని కుక్కలను సాకుతుంటాడు, అలాంటి మనిషి పక్కన ఎప్పుడూ తళతళలాడే గోల్డెన్ రిట్రీవర్ ఉంటుంది, అది ఏ సందులో దిక్కులేకుండా దొరికిందో మీరే చెప్పాలి. రెండు కుక్కల తాళ్లు చుట్టుకుంటాయి, ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడతారు, పైనుంచి మంచు కురుస్తుంది. నల్లగొండలో. మంచు. మా దగ్గర కూర్చున్న ఒక పిల్ల "నాయినా, మనకాడ మంచు ఎప్పుడు పడ్డది?" అని అడిగితే వాళ్ల నాన్న "సున్నం రాలుతున్నట్టుంది తీ బిడ్డా" అన్నాడు. అక్కడి నుంచి సినిమా అయిపోయేదాకా హోటలంతా నవ్వులే, మీరు ఏడిపిద్దామనుకున్న చోట్ల కూడా. మూడో సీనుకే ఆటో నడిపే ఒక పెద్దాయన "ఇల్లు అమ్ముడు లేదు పాడు లేదు, లగ్గమే" అని తేల్చేశాడు. ఆయన చెప్పినట్టే అయింది.

ముందే తెలిసిన కథ తీయడం తప్పని నేను అనను. రోజూ తాగే చాయ్ కూడా తెలిసిన రుచే, అయినా జనం వస్తారు. కానీ ఇద్దరు ప్రేమించుకుంటున్నారంటే ఒక్కసారైనా కూర్చుని మాట్లాడుకోవాలి కదా. మీ సినిమాలో వాళ్లకు కోపం రావాలంటే కుక్క తప్పిపోతుంది. కోపం పోవాలంటే కుక్కకు జ్వరం వస్తుంది. మనసు విప్పాలంటే కుక్క పాత ఉత్తరం తవ్వి తెస్తుంది. చివరికి పెళ్లి ఉంగరం కూడా కుక్కే నోట్లో పట్టుకొచ్చింది. కైకిలి అంతా కుక్కలు చేశాయి, కూలి హీరో తీసుకున్నాడు. ఇంత పని చేయించుకున్నవాళ్లు ఆ రెండు కుక్కలను ఒక్కసారి సరిగ్గా చూశారా అన్నదే నా ప్రశ్న. ఎందుకంటే నేను చూశాను. పదేళ్ల నుంచి హోటల్ ముందు కుక్కలకు అన్నం పెడుతున్నవాణ్ని, నాకు అవే కనపడతాయి.

ఇక వరసగా చెబుతాను.

1. కుక్కకాటు సీను. మిగతావన్నీ మర్చిపోయినా పర్లేదు, ఇది మాత్రం చదవండి. సినిమా సగంలో ఒక వీధికుక్క హీరోను పిక్క మీద కరుస్తుంది. నాయనమ్మ పసుపు, సున్నం కలిపి గాయానికి అద్ది, పాత చీర ముక్కతో గట్టిగా కట్టి, చెవిలో ఏదో మంత్రం చదువుతుంది. హీరోయిన్ కట్టు మీద చెయ్యి పెడుతుంది, వీణ మోగుతుంది, మర్నాడు హీరో బైక్ మీద తిరుగుతుంటాడు. మధ్యలో కమెడియన్ "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అని పొట్ట పట్టుకుని ఉరుకుతాడు, దానికి నవ్వుల శబ్దం కలిపారు.

ఆ బొడ్డు చుట్టూ వేసే సూదులు మన దేశంలో ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు వేసేది చేతికి. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు. చేతి చర్మంలోకి వేసే పద్ధతిలో కరిచిన రోజు ఒకటి, తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. అంతకంటే ముందు చేయాల్సింది, గాయాన్ని సబ్బు పెట్టి కుళాయి ధార కింద 15 నిమిషాలు కడగడం. పసుపు పెట్టొద్దు, సున్నం, కారం, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలయ్యాయంటే ఇక మనిషి దక్కడం దాదాపు లేనట్టే. అంటే మీరు చూపించింది ఒకటి రెండు కాదు, చేయకూడనివన్నీ ఒకే సీనులో.

ఉగాది అయిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం మా పక్క సందులో ఉండే ఒక ముసలమ్మ పాన్ డబ్బా దగ్గరికి వచ్చి "కొడుకా, జెర సున్నం ఇయ్యి" అంది. ఆమె తమలపాకు వేసుకోదు, నాకు తెలుసు. ఎందుకవ్వా అంటే, "మనమనికి కుక్క కరిసింది. పసుపు పెట్టిన, సున్నం కలిపితెనే పనిచేస్తదట, టీవీల జూపిచ్చిండ్రు గదా" అంది. పిల్లాడికి ఏడేళ్లు, తండ్రి బత్తాయి లోడింగ్‌కు పోయాడు, తల్లి కూడా పనిలో ఉంది. గల్లా అలాగే వదిలేసి వెళ్లి పిల్లాణ్ని ఎత్తుకొచ్చి, హోటల్ వెనక గిన్నెలు తోమే కుళాయి కింద కూర్చోబెట్టాను. బట్టల సబ్బే దొరికింది. పసుపు నీళ్లు మోరీలోకి పోతుంటే కింద నాలుగు పంటిగాట్లు తేలాయి, రెండు లోతుగా ఉన్నాయి. వాడు ఏడుస్తుంటే ముసలమ్మ "సాలు తీ, సాలు తీ" అంటుంది, గోడ గడియారం చూస్తే ఇంకా నాలుగు నిమిషాలే అయింది. 15 నిమిషాలు ఎంతసేపో ఆ రోజు తెలిసింది నాకు. తర్వాత ఆటోలో ఆసుపత్రికి. చేతికి టీకా వేశారు, లోతు గాయాలు కాబట్టి గాయం చుట్టూ కూడా మందు ఎక్కించారు. కరిచిన కుక్క ఏదో ఎవరికీ తెలియదు, మళ్లీ కనపడలేదు.

28వ రోజు సూది కూడా అయిపోయింది, పిల్లాడు బాగున్నాడు, బడికి సెలవులు కదా రోజంతా మా హోటల్ ముందే ఉంటున్నాడు. కానీ ఆ ముసలమ్మ ఆ రోజు సున్నం కోసం నా దగ్గరికి కాకుండా ఇంకో డబ్బాకు వెళ్లి ఉంటే? ఆమెది తప్పని అనలేను. ఆమెకు చదువు రాదు, టీవీలో వచ్చేది ఎవరో పెద్దవాళ్లు చూసి వేస్తారనుకుంటుంది. అందులోనూ మీరు ఆ మాట చెప్పించింది ఎవరితో? సినిమా మొత్తంలో నమ్మబుద్ధేసిన ఒక్క మనిషితో. అదే నాకు బాగా కోపం తెప్పించింది. మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు వేయకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది, మంత్రంతో కుక్కకాటు మాన్పడం అందులోకి రాదంటే ఇంకేం వస్తుందో మీరే చెప్పండి.

2. ఎండలో షూటింగ్. గుడి మెట్ల మీద పాట ఉంది కదా, హీరోహీరోయిన్లు గొడుగు కింద నిలబడి, రెండు కుక్కలు పక్కన. ఆ పాటను మా అన్న కొడుకు ఫోన్‌లో మళ్లీ మళ్లీ ఆపి చూపించమన్నాను. అందరి నీడలూ వాళ్ల కాళ్ల కిందే ఉన్నాయి. అంటే నడినెత్తిన సూర్యుడు, పట్టపగలు పన్నెండు. కింద బండరాయి. హస్కీ ముందు కాళ్లు ఒకటి మార్చి ఒకటి ఎత్తుతోంది, దాన్నే మీ ఎడిటర్ డాన్స్ అనుకుని పాట దరువుకు కలిపి నాలుగుసార్లు వేశాడు. అది డాన్స్ కాదు సార్, కాళ్లు కాలుతున్నాయి. చెప్పులు లేకుండా ఆ బండ మీద మీరు ఒక్క నిమిషం నిలబడి చూడండి.

ఇంకొకటి చెబుతాను. ఆ కుక్కలు హీరో మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ప్రేమగా కౌగిలించుకునే సీనులో దాని చూపు కెమెరా పక్కకు ఉంది, అక్కడ ఎవరో చేతిలో ఏదో పట్టుకుని నిలబడ్డారన్నమాట. తోక కాళ్ల మధ్యకు పోయింది, మాటిమాటికీ పెదాలు నాక్కుంటోంది, ఆకలి లేకుండా కుక్క అలా నాక్కుంటే బెదిరిందని అర్థం. మీరేమో దాని మీద సంతోషం సంగీతం వేశారు. చూసినవాళ్లలో చాలామందికి ఇది తెలియదు, కుక్కలున్న ఇంటివాళ్లకు మాత్రం ఠక్కున తెలుస్తుంది.

సినిమాల్లో జంతువులను వాడాలంటే 2001 నాటి ప్రదర్శన జంతువుల నమోదు నియమాల ప్రకారం భారత జంతు సంక్షేమ మండలి అనుమతి తీసుకోవాలి. పెద్ద సినిమాల మొదట్లో ఏ జంతువుకూ హాని చేయలేదని అక్షరాలు వేస్తారు, అవి చదివే ఓపిక ఎవరికీ ఉండదు, కానీ వేస్తారు. మీ టెలీఫిల్మ్‌లో పట్టుచీరల దుకాణం పేరు, నూనె కంపెనీ పేరు, హీరోయిన్ నగల కొట్టు పేరు అన్నీ వచ్చాయి. కుక్కల అక్షరాలు రాలేదు. మర్చిపోయారా, అనుమతే లేదా?

3. చాక్లెట్. అలక తీర్చడానికి హీరో తన కుక్కకు, హీరోయిన్ కుక్కకు చెరో సగం చాక్లెట్ బిళ్ల పెడతాడు. చాక్లెట్ కుక్కకు విషం లాంటిది, వాంతులు, వణుకు, ఎక్కువ తింటే గుండె దెబ్బతిని చచ్చిపోతుంది. కుక్కలను సాకే హీరోకు ఇది తెలియదా? ఉల్లిపాయ, కిస్మిస్ కూడా పెట్టకూడదు. మా హోటల్‌కు వచ్చే పిల్లలకు ఇప్పుడు ఈ మాట రోజూ చెప్పాల్సి వస్తోంది, నేను చెప్పేది ఒక్కణ్ని, మీరు చూపించింది ఇంటింటికీ.

4. రిబ్బన్ కట్టిన డబ్బాలో కుక్కపిల్ల. పుట్టినరోజుకు హీరో ఇచ్చే బహుమతి. ఆ పిల్ల ఇంకా సరిగ్గా నడవడం లేదు, పొట్ట మీద పాకుతోంది, కళ్లు అప్పుడే తెరిచినట్టున్నాయి. కుక్కపిల్లలు పుట్టిన పది పద్నాలుగు రోజులకు కళ్లు తెరుస్తాయి. అంటే దానికి మహా అయితే మూడు వారాలు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. తల్లి పాలు మానని పిల్లను డబ్బాలో పెట్టి మూత వేసి, మూత తీయగానే హీరోయిన్ "ఓ" అనడం, అదే మీ సినిమాకు పోస్టర్ కూడా.

దీని ఫలితం మా రోడ్డు మీదే ఉంది. సినిమా వచ్చిన వారానికే మా దగ్గర రోజూ చాయ్ తాగే ఒక వ్యాపారి కూతురు మారాం చేసిందని హైదరాబాద్ నుంచి హస్కీ పిల్లను తెచ్చాడు. పాతిక వేలట. చలి దేశాల్లో మంచు మీద బండి లాగే జాతి అది, ఒంటి మీద రెండు పొరల బొచ్చు, కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి చల్లబడే దారి. మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు. పది రోజులు కూలర్ ముందు కట్టేశారు, కరెంటు బిల్లు చూసి వరండాలోకి మార్చారు, మొన్న శుక్రవారం పొద్దున పాలు పోయించుకోవడానికి వెళ్తే బైపాస్ పక్కన వేపచెట్టు కింద ఉంది. మెడకు ఎర్ర పట్టీ అలాగే ఉంది. నేను ఆ వ్యాపారిని ఏమీ అడగలేదు, ఆయనా ఏమీ చెప్పలేదు, రోజూలాగే చాయ్ తాగి వెళ్లాడు. ఆ కుక్కపిల్లను ఇప్పుడు తెలిసిన ఒక కాంపౌండర్ ఇంట్లో పెట్టాం, తడిబట్ట కప్పి ఉంచుతున్నాం, ఎన్ని రోజులో తెలియదు.

5. తెగిన చెవి. మీ విలన్ కుక్కకు ఎడమ చెవి కొస తెగి ఉంటుంది. హీరో ఒక డైలాగ్ కొడతాడు, చెవి తెగిన కుక్కను నమ్మొద్దు, అది మనిషి రక్తం రుచి చూసిందని. ఎవరు రాశారో గానీ, ఎంత తెలియనితనం! ఆ చెవి కోత ఎవరో కొట్లాటలో కొరికింది కాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొసను కొంచెం కత్తిరించి మళ్లీ అదే వీధిలో వదులుతారు. 2001లో ఒకసారి, మళ్లీ 2023లో ఒకసారి కేంద్రం దీనికి నిబంధనలు పెట్టింది. అంటే వీధిలో పది కుక్కలుంటే చెవి కోసిన కుక్కే టీకా పడిన కుక్క. మీరు సరిగ్గా దాన్నే రాక్షసిని చేశారు.

మా హోటల్ ముందు ఉండే కుక్క పేరు బన్ను. చాయ్‌లో ముంచిన బన్ను తప్ప బిస్కెట్ ముట్టదు, అందుకే ఆ పేరు. రెండేళ్ల కింద మున్సిపాలిటీ వాళ్లు పట్టుకెళ్లి ఆపరేషన్ చేసి తెచ్చి దింపారు. చెవి కొస లేదు. ఇన్నేళ్లలో ఎవరినీ కరవలేదు. ఉగాది తర్వాత దాన్ని చూస్తే పిల్లలు రాళ్లు తీస్తున్నారు. ఎదురు దుకాణం ఆయన, రోజూ మిగిలిన రొట్టె వేసే మనిషి, "దాని చెవి చూసినవా అన్నా" అని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఎంత వివరించినా "టీవీలో ఊరికే చూపిస్తరా" అంటాడు.

కుక్కలంటే భయపడేవాళ్లను నేను తక్కువ చేయను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో చిన్నపిల్లాణ్ని కుక్కలు చంపిన వీడియో చూశాక నేనే రెండు రోజులు బన్నుకు ఏమీ పెట్టలేకపోయాను, అది వచ్చి గడప దగ్గర కూర్చుంటే చూపు తిప్పుకున్నాను. ఈ వీధికుక్కల గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి 2025లో దేశమంతా రెండుగా చీలి మాట్లాడుకుంది. అలాంటి రోజుల్లో ఒక్క డైలాగ్ ఎటు తిప్పుతుందో ఆలోచించాలి కదా. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో రాత్రిపూట కారులో వచ్చినవాళ్లు 20 వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. మన పాలమూరులోనే జరిగింది. మీ సినిమా వల్ల తుపాకులు లేస్తాయని నేను అనడం లేదు, రాళ్లు మాత్రం లేచాయి, అది నా కళ్లతో చూశాను.

6. మా మాట. ఇది చిన్న విషయమే, కానీ చెప్పకపోతే మా హోటల్‌లో ఒప్పుకోరు. నల్లగొండలో పుట్టి పెరిగిన హీరో మాట్లాడే తెలుగులో నల్లగొండ ఎక్కడా లేదు. కమెడియన్, తాగుబోతు, ఇల్లు కొనడానికి వచ్చి మోసం చేసే బ్రోకర్, ఈ ముగ్గురికే మా యాస ఇచ్చారు. చివరికి నాయనమ్మ కూడా "అబ్బాయీ" అంటుంది, ఇక్కడ ఏ నాయనమ్మ మనవణ్ని అబ్బాయీ అంటుంది? ఛాయా సోమేశ్వరాలయాన్ని డ్రోన్‌తో పైనుంచి రెండు సెకన్లు చూపించి, మిగతాదంతా ఎక్కడో కొబ్బరిచెట్ల మధ్య తీశారు. పానగల్లులో ఉన్న ఆ గుడిలోనే లింగం మీద పగలంతా కదలకుండా ఉండే నీడను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, అంత మంచి చోటు పెట్టుకుని మీకు మంచు కావాల్సి వచ్చింది.

జనమేజయుడి యాగం దగ్గర తప్పేమీ చేయని కుక్కపిల్లను కొట్టారని దాని తల్లి సరమ వెళ్లి నిలదీసిన కథ మన పెద్దలు చెప్పేవాళ్లు. నా పిల్ల ఏం ముట్టిందని, ఏం నాకిందని కొట్టారు అని అడిగితే అక్కడున్న ఒక్కడూ నోరు విప్పలేదు. సరమకు శాపం పెట్టే శక్తి ఉంది. నా దగ్గర మీ ఈమెయిల్ అడ్రస్ తప్ప ఏమీ లేదు. అందుకని అడగాల్సినవి వరసగా అడుగుతున్నాను.

1. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఇదే టెలీఫిల్మ్ మళ్లీ వేస్తామని మూడు రోజుల నుంచి కింద అక్షరాలు పోతున్నాయి. కుక్కకాటు సీను, సూదుల కామెడీ తీసేయకుండా వేయొద్దు. మొత్తం రెండున్నర నిమిషాలు, దాన్ని తీసేస్తే కథకు ఏ నష్టమూ లేదు, కథలో అసలు ఏముందని నష్టపోవడానికి.

2. సినిమా మొదట్లో, మళ్లీ మధ్యలో, చదవడానికి వీలయ్యేంత పెద్ద అక్షరాలతో, చదువు రానివాళ్ల కోసం గొంతుతో కూడా చెప్పించండి: కుక్క కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, పసుపు సున్నం పెట్టొద్దు, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి, టీకా చేతికే వేస్తారు, అన్ని డోసులూ వేయించుకోవాలి. వీలైతే ఆ నాయనమ్మ ఆవిడతోనే చెప్పించండి. మా పక్క సందు ముసలమ్మ ఆవిడ చెబితే వింటుంది.

3. జంతు సంక్షేమ మండలి అనుమతి తీసుకుని ఉంటే ఆ కాగితం బయట పెట్టండి. లేకపోతే లేదని చెప్పండి.

4. చెవి తెగిన కుక్క డైలాగ్ తీసేయండి, లేదా ఆ గొంతు ఆపేయండి. బూతులకు బీప్ వేస్తారు కదా, దీనికీ ఒకటి వేయండి.

5. రిబ్బన్ డబ్బా ఫొటోను పోస్టర్ నుంచి, ప్రోమో నుంచి తీయండి.

6. నా రెండు ఈమెయిల్స్‌కు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. గడువు ఎప్పుడో దాటింది. ఇంకా రాకపోతే ఛానెళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేయొచ్చట, అక్కడా కాకపోతే కేంద్ర ప్రభుత్వానికట. ఆ కాగితాలు మా తమ్ముడి కూతురు రాసిపెట్టింది, పరీక్షలు కూడా అయిపోయాయి, ఆమెకు ఇప్పుడు బోలెడు టైం ఉంది.

7. ఈసారి మా వైపు కథ తీస్తే రాసిన కాగితాలు ముందు మా వైపు మనిషి ఎవరికైనా చదివి వినిపించండి. కుక్క ఉంటే పశువుల డాక్టర్‌కు కూడా. చాయ్ ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. మీరూ ఆ సినిమా చూసి ఉంటే, మీ ఇంట్లో, మీ సందులో దానివల్ల ఏదైనా జరిగి ఉంటే ఛానెల్‌కు రాయండి. తిట్లు రాయొద్దు, తిడితే అది సాకు చేసుకుని పక్కన పడేస్తారు. ఏ సీను, ఏం జరిగింది, ఏ రోజు అని రాయండి చాలు.

ఛానెల్ వాళ్లకు, ఆదివారం మధ్యాహ్నం మా హోటల్ తెరిచే ఉంటుంది. టీవీ కూడా ఆన్‌లోనే ఉంటుంది, జనం ఎలాగూ వస్తారు. ఆ సీను వచ్చే టైం రాసి పెట్టుకున్నాను, రిమోట్ నా జేబులో ఉంటుంది. మిగతా ఊళ్లలో రిమోట్ ఎవరి దగ్గర ఉంటుందో నాకు తెలియదు కాబట్టి శనివారం సాయంత్రం లోపల మీ జవాబు కోసం చూస్తాను.

ఇట్లు,
దేవరకొండ రోడ్డు చాయ్ హోటల్ ఆయన,
నల్లగొండ